విరామ వేళ: చివరి సైకిలు

గడచిన డిసెంబరు మాసపు రెండవ శనివారం నాడు, ఇంకా మంచు పూర్తిగా విడవక మునుపే, మన టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలు ఎదుట ముప్పై ఒక్క సైకిళ్ళు బారులు తీరి నిలిచాయి. వాటిలో గేర్లున్న కొత్త తరహా సైకిళ్ళు పది పన్నెండుకు మించవు. తక్కినవన్నీ ఇంటింటా మెట్ల కింద కనిపించే నల్లని పాత సైకిళ్ళే. ఒక్కొక్క దానికి ముందూ వెనుకా ఏదో ఒక మూట కట్టి ఉంది. ఒక దానికి దుప్పటి చుట్ట, మరొక దానికి టార్పాలిన్ పట్టా, ఇంకొక దానికి ఇత్తడి గిన్నె. ఉదయపు నడకకు బయలుదేరిన ఒక పెద్దాయన ఆగి, "ఏమండీ, ఎవరైనా క్వార్టరు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగారు.

క్వార్టరు ఖాళీ చేయడం లేదు. రెండు పగళ్ళు, ఒక రాత్రి పాటు సాగే సైకిలు విడిది పండుగకు బయలుదేరుతున్నాము. మనకు కావలసిన పడక, తిండి, నీడ మన సైకిలు మీదనే మోసుకొనిపోయి, ఊరికి దూరంగా ఒక చోట గుడారాలు వేసుకొని, ఆ రాత్రి అక్కడ గడిపి, మరునాడు తిరిగి రావడం. ఇంతే సంగతి. ఇందులో పందెం లేదు, బహుమతి లేదు, అధ్యక్షోపన్యాసం అసలే లేదు. అయినప్పటికీ ఈ శీర్షికలో దీనిని గురించి వ్రాయాలని సంకల్పించడానికి ఒక కారణం ఉన్నది. అది నాకంత గౌరవప్రదమైన కారణం కాదు. దానిని కొంచెం తరువాత విన్నవిస్తాను.

ఇటువంటి ప్రయాణాలను నేడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. పేరు కొత్తదే కాని పని పాతదే. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద ముందు చక్రం గల ఆనాటి సైకిలెక్కి, 1886 డిసెంబరులో జపానులోని యోకొహామా చేరి, సైకిలు మీద భూమిని చుట్టి వచ్చిన తొలి వ్యక్తిగా ప్రసిద్ధికెక్కాడు. మధ్యలో మన దేశం మీదుగా గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంబడి కలకత్తా వరకు తొక్కాడు. ఆయన వద్ద ఉన్న సామాను హ్యాండిలుకు తగిలించిన ఒక చిన్న సంచీలో ఇమిడిపోయింది. మేజోళ్ళు, ఒక చొక్కా, ఒక రివాల్వరు, ఒక వానకోటు. ఆ వానకోటే రాత్రి గుడారం, అదే పడక. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన అదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు పార్సీ యువకులు ఎడారులూ అడవులూ దాటి 1928లో ప్రపంచయాత్ర ముగించి తిరిగి వచ్చారు. వారి పుస్తకం 1931లో వెలువడింది.

అయితే ఈ వీరులందరి కంటె నా మనస్సునకు దగ్గరగా తోచినవాడు ఒక దర్జీ. పేరు థామస్ హైరమ్ హోల్డింగ్. ఆయన తొమ్మిదేళ్ళ బాలుడుగా ఉండగా, 1853లో, తల్లిదండ్రులతో పాటు బండ్ల బిడారులో అమెరికా మైదానాలు దాటాడట. ఆ గుడారాల రుచి ఆయనను జీవితాంతం వదలలేదు. లండనులో బట్టలు కుట్టే వృత్తిలో స్థిరపడిన తరువాత సైకిలు మీద పట్టేంత తేలికైన గుడారం ఎలా కుట్టాలా అని ఆలోచించి, పట్టుబట్టతో గుడారమూ, ముక్కలుగా విడదీసి కలుపుకోగల వెదురు కర్రలూ తయారు చేసుకున్నాడు. స్నేహితులతో కలిసి ఐర్లండులోని కానెమారా ప్రాంతంలో సైకిళ్ళ మీద తిరిగి, ఆ అనుభవాలను 1898లో పుస్తకంగా ప్రకటించాడు. దానిని చదివినవారు ఉత్తరాలు వ్రాయసాగారు. ఫలితంగా 1901లో సైకిలు విడిదిదారుల సంఘం ఏర్పడింది. ఇంగ్లండులో వాంటేజ్ అనే ఊరి వద్ద తొలి విడిది జరిపినప్పుడు వచ్చినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది మాత్రమే. ఆ సంఘమే క్రమంగా పెరిగి, పేర్లు మారి, నేడు లక్షల సభ్యులతో క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్బుగా వర్ధిల్లుతోంది. పేరులో మోటారుకు తగిలించే కారవాన్ మిగిలింది కాని సైకిలు మాయమైంది. ఎదిగిన సంస్థలలో ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి.

సైకిలు ప్రస్తావన వచ్చినది కనుక మరొక్క మాట. ప్రభుత్వ రంగంలో సైకిళ్ళు తయారైన కాలం కూడా ఒకటుండేది. ఆసన్‌సోల్ వద్ద ఉన్న సెన్-ర్యాలీ కర్మాగారాన్ని జాతీయం చేసిన మీదట 1980లో సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ సంస్థ నేడు లేదు. కాని ఆనాటి ర్యాలీ సైకిలు ఒకటి మా బారులో ఉంది. దానిని గురించి కూడా చెప్పవలసి ఉన్నది.

బయలుదేరే ముందు రెండు ఆదివారాలు సామాను సర్దుబాటుకే సరిపోయాయి. బైక్‌ప్యాకింగులో కిటుకంతా సంచీలలో ఉన్నదని చెబుతారు. వెనుక ఇనుప క్యారేజీ లేకుండానే ఫ్రేముకూ, సీటుకూ, హ్యాండిలుకూ బిగించుకొనే సంచీలు అవి. కొండదారులలో, రాళ్ళ బాటలలో వెనుక బరువు ఊగకుండా ఉండడానికి అవి పుట్టాయి. 1997లో కెనడా నుంచి మెక్సికో సరిహద్దు వరకు రాకీ పర్వతాల వెంబడి పటం గీసిన గ్రేట్ డివైడ్ బాట వంటివి వాడుకలోకి వచ్చిన తరువాత వాటికి ప్రాచుర్యం పెరిగింది. మా తారు రోడ్డుకు అంత హంగామా అవసరం లేదు. మనకు క్యారేజీ ఉంది, సైకిలు ట్యూబు కోసి చేసిన రబ్బరు తాడు ఉంది. రెండు బిందెల పాలు, గడ్డి మోపు, కల్లు కుండలు, గ్యాసు బండ ఇవన్నీ సైకిలు మీద మోయడంలో మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. సూత్రం మాత్రం ఒకటే: బరువైనవి కిందికి, మధ్యకు, తేలికైనవి పైకి, చివరలకు.

ఎంత బరువు తీసుకొనిపోవచ్చునన్న ప్రశ్నకు మా డిజైన్ విభాగపు మిత్రుడొకరు నల్లబల్ల మీద లెక్క వేసి చూపించారు. మామూలు మనిషి చాలాసేపు నిలకడగా ఇవ్వగల శక్తి 100 వాట్లనుకుందాం. అంటే ఒక అశ్వశక్తిలో ఏడవ వంతుకు కాస్త తక్కువ. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలైతే, నూటికి ఐదు చొప్పున ఎక్కే ఎత్తులో, గాలినీ రాపిడినీ లెక్కలోనికి తీసుకోకుంటే, గంటకు 8 కిలోమీటర్ల వేగం వస్తుంది. దానికి 20 కిలోల సామాను చేర్చితే ఆ వేగం ఆరున్నర, ఆరుముప్పావుకు పడిపోతుంది. ఈ లెక్క చూసిన తరువాత ప్రెషర్ కుక్కర్లు నాలుగు, మడత కుర్చీలు రెండు, ఒక క్యారమ్ బోర్డు జాబితా నుంచి వాటంతట అవే తొలగిపోయాయి.

మా గమ్యం శృంగవరపుకోట దాటిన తరువాత, తాటిపూడి జలాశయానికి పోయే దారిలోని ఒక మామిడితోట. పెందుర్తి, కొత్తవలసల మీదుగా మాకు సుమారు యాభై కిలోమీటర్ల దూరం. తోట యజమాని అద్దె పుచ్చుకోలేదు కాని మూడు షరతులు విధించారు. పూత వచ్చే సమయం కనుక చెట్లెక్కరాదు. ఎండుటాకులలో నిప్పు రాజేయరాదు, పొయ్యి గట్టు అవతలనే. మూడవది, పోయేటప్పుడు ఒక్క ప్లాస్టిక్ కాగితం కూడా మిగలరాదు. చిన్న పిల్లలూ, కొందరు గృహిణులూ బస్సులో వచ్చి కలుసుకునే ఏర్పాటు జరిగింది. స్త్రీలకు మరుగు సౌకర్యం విషయమై యజమాని ఇంటివారే తమ ఇల్లు వాడుకోమన్నారు. ఇటువంటి విడుదులకు ఆడవారు రాకపోవడానికి భయమూ బిడియమూ కారణమని మగవారం అనుకుంటాం. అసలు కారణం చాలామట్టుకు ఇదే. ఇది ముందుగా తేలినందువల్లనే ఈసారి తొమ్మిది మంది స్త్రీలు సైకిలెక్కారు. నిరుడు ఒక్కరే.

ఇక నిరుటి సంగతి. నిరుడు ఇదే పండుగను తొలిసారి సముద్రతీరం వైపు జరుపుకొన్నాము. పందొమ్మిది సైకిళ్ళు. నాయకత్వం నాది. కుర్రవాళ్ళు నలుగురు ముందు పరుగు తీస్తుంటే నా వయస్సు మరచి వారితో పందెం వేసుకున్నాను. సాయంత్రం ఐదింటికి విడిది చేరి, గుడారాలు వేసి, స్నానాలు చేసి, పులిహోర తిని, పాటలు మొదలుపెట్టాము. ఎవరూ లెక్క చూసుకోలేదు. చూడవలసినవాడిని నేను. ఏడున్నర దాటిన తరువాత చీకటిలో నుంచి ఒక మనిషి సైకిలు నెట్టుకుంటూ వచ్చారు. స్టోర్సు విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న పెద్దాయన. అందరం గురువుగారని పిలుస్తాం. చైను తెగి, ఆరు కిలోమీటర్లు నడిచారు. ఫోనులో చార్జింగు అయిపోయింది. నేను లేచి నిలబడి ఏదో అనబోయాను. "ఏం లేదు సార్, చైను తెగింది, అంతే" అని, కాళ్ళు కడుక్కొని, గిన్నెలో అడుగున మిగిలిన పులిహోర తిన్నారు. మరునాడు ఉదయం బస్సులో వెళ్ళిపోయారు.

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆయన కంటె వయస్సులో పన్నెండేళ్ళు చిన్న, హోదాలో నాలుగు మెట్లు పైన. ఆయన మౌనానికి మంచితనం ఎంత కారణమో, ఆ నాలుగు మెట్లు ఎంత కారణమో ఏడాది పాటు నాకు తేలలేదు. సెలవు దినాన సైకిలు మీద కూర్చుంటే ఆఫీసరూ, అటెండరూ అన్న భేదాలు పోతాయని నేనే నిరుడు నోటీసులో వ్రాశాను.

ఈసారి నోటీసు పెట్టక మునుపే ఆయన క్వార్టరుకు వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. విషయం చెప్పి, రావాలని కోరాను. కొంచెంసేపు ఆలోచించి, "వస్తాను సార్. కాని ఒక మనవి. నేను చివర ఉంటాను. నా వెనుక ఎవరూ ఉండకూడదు. ముందు ఎవరుండాలో మీరు చూసుకోండి" అన్నారు. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి యాత్రలలో చివరివాడిని ఊడ్చుకుంటూ వచ్చేవాడని అంటారట. చీపురు పని కదా అని మనకు చిన్నచూపు కలగవచ్చు. అనుభవజ్ఞులనే అక్కడ ఉంచుతారని మాత్రం తరువాత చదివి తెలుసుకున్నాను. గురువుగారు ఏదీ చదవలేదు. ఆయనకు తెలిసింది ఆ ఆరు కిలోమీటర్ల చీకటి.

ఆ విధంగా ఆ పాత ర్యాలీ సైకిలు ముప్పై ఒకటవదిగా బయలుదేరింది. ముందు బల్బు, వెనుక చక్రానికి డైనమో, క్యారేజీ మీద ఒక బిస్కెట్ల డబ్బా. అందులో పంక్చరు సామాను, రెండు ట్యూబులు, చైను ముక్కలు, పాత టైరు ముక్క ఒకటి, కొబ్బరినూనె సీసా.

దారి సంగతి విస్తరించను. కొత్తవలస దాటిన తరువాత వరికోతలు అయిపోయిన మళ్ళు, మినుము మొలకలు, దూరాన నీలంగా తూర్పు కనుమలు. ఒక ఊరి మొదట చింతచెట్టు కింద మధ్యాహ్న విశ్రాంతి తీసుకున్నాము. అక్కడొక అవ్వ మా మూటలు చూసి, "ఏటి బాబూ, బస్సు నేదా ఏటి?" అని జాలిపడి, చోడి అంబలి లోటాలలో పోసి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే కసిరింది. రెండున్నరకు లేచాము. నాలుగుముప్పావుకు నేను ముప్పైమందితో, కాదు, ఇరవైతొమ్మిది మందితో తోట చేరాను. ఈసారి మస్టరు పుస్తకం వెంట ఉంది. రెండు పేర్ల పక్కన గీత పడలేదు. ఒకటి గురువుగారిది. రెండవది ఫైనాన్సు విభాగంలోని ఒక సోదరిది.

ఆమె నలభై రెండవ ఏట, టౌన్‌షిప్ మైదానంలో, పిల్లలు నవ్వుతుండగా సైకిలు నేర్చుకున్నారు. నేర్చి ఎనిమిది మాసాలు. భర్త, పదవ తరగతి చదువుతున్న కుమార్తె బస్సులో ముందే చేరి ఉన్నారు. ఫోను చేస్తే గురువుగారు పలికారు: "గాజుపెంకు దిగి టైరే చీలింది సార్. పని జరుగుతోంది. కంగారు లేదు." డిసెంబరులో మన వైపు ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. శృంగవరపుకోటలో ఒక ట్రాలీ ఆటో మాట్లాడి ఉంచాము. దానిని పంపమని భర్త పట్టుబట్టారు. నేనూ అదే సరియని ఫోను చేశాను. ఈసారి ఆవిడే అందుకున్నారు. "ఆటో వద్దండీ. టైరు బాగయింది, నా కాళ్ళు బాగానే ఉన్నాయి. వెనుక మాస్టారున్నారు. మా ఆయనకు చెప్పండి."

తోటలో వాదం మొదలైంది. చీకటిలో ఆడమనిషిని రోడ్డు మీద ఉంచడం బాధ్యతారాహిత్యమన్నారు కొందరు. ఆవిడ వద్దన్నప్పుడు ఆటో పంపడం అవమానించడమే కదా అన్నారు ఇద్దరు స్త్రీలు. రెండు పక్షాలలోనూ న్యాయం ఉంది. నాకు మాత్రం ఏది చేసినా తప్పే అవుతుందేమోనని గుండె దడదడలాడింది. చివరకు గేర్ల సైకిళ్ళ కుర్రవాళ్ళు ఇద్దరిని టార్చిలైట్లతో ఎదురు పంపి, ఆటోను కదలకుండా సిద్ధంగా ఉంచాము. ఉప్మా, వంకాయ కూర, చారు చల్లారిపోతున్నాయి. పిల్లలకు పెట్టేశాము, అది వేరే విషయం. పెద్దలలో ఎవరూ ఆకు ముందు కూర్చోలేదు. ఎవరినీ నేను ఆపలేదు. ఎవరికి వారే కూర్చోలేదు. అమ్మాయి తోట గేటు వద్ద నిలబడి కదలలేదు.

ఏడుగంటల ఇరవై నిమిషాలకు మలుపు వద్ద నాలుగు దీపాలు కనిపించాయి. మూడు తెల్లగా, స్థిరంగా. నాలుగవది పసుపురంగులో, పెడలు వేగాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ, అందరికంటె వెనుక. ఆవిడ సైకిలు దిగి స్టాండు వేయబోతే చేతులు వణికి సైకిలు పడిపోయింది. కుమార్తె దానిని లేపలేదు, తల్లిని పట్టుకుంది. ఆయన మాత్రం నా దగ్గరకు వచ్చి, డ్యూటీ దిగేటప్పుడు చెప్పినట్లుగా, "ముప్పై ఒకటి, సార్. పూర్తి" అన్నారు. నేను మస్టరులో గీత పెట్టాను. నిరుడు అనబోయి అనలేకపోయిన మాట అప్పుడు అన్నాను. అది ఇక్కడ వ్రాయను. ఆయన విని, "అదా సార్, నాకు కోపం వచ్చింది అప్పుడు. మీకు తెలియాలనే బస్సులో వెళ్ళిపోయాను" అన్నారు. ఏడాది ప్రశ్నకు సమాధానం ఇంత సూటిగా వస్తుందనుకోలేదు.

రాత్రి పదింటి వరకు కబుర్లు సాగాయి. పాటలు పాడినవారిలో ఇద్దరు పాడకుండా ఉంటే బాగుండేది. చలి బాగా వేసింది. గుడారంలో నేలమీద నుంచి వచ్చే చలి పైనుంచి వచ్చే దానికంటె ఎక్కువ. కనుక ఈసారి వచ్చేవారు కప్పుకొనే దానికంటె పరచుకొనే దాని మీద శ్రద్ధ పెట్టవలసిందిగా మనవి. పాత వార్తాపత్రికలు నాలుగు మడతలుగా దుప్పటి కింద పరచినవారు హాయిగా నిద్రించారు.

ఆదివారం ఉదయం జలాశయం గట్టు మీదికి వెళ్ళాము. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే గోస్తనీ నది ఇది. దానికి అడ్డంగా కట్టిన ఈ జలాశయం విశాఖపట్నానికి తాగునీరు అందించేవాటిలో ఒకటి. కుళాయి తిప్పడం తప్ప మరేమీ ఎరుగని మా పిల్లలు ఆ నీటిని చాలాసేపు చూశారు. తోటకు తిరిగి వచ్చి, వరుసగా నిలబడి, ఆకుల మధ్య వెతికి వెతికి రెండు బస్తాల చెత్త ఏరాము. అందులో సగానికి పైగా మాది కాదు. యజమాని మరొకసారి తోట చుట్టి వచ్చి, వచ్చే ఏడాది కూడా రమ్మన్నారు. తిరుగు ప్రయాణంలో నలుగురు ఆటో ఎక్కారు. తక్కినవారు తొక్కారు.

గురువుగారు వచ్చే ఏప్రిల్ నెలాఖరున ఉద్యోగ విరమణ చేస్తున్నారు. తరువాత కుమారుని వద్దకు నాగపూరు వెళ్ళే ఆలోచనలో ఉన్నారట. కమ్యూనిటీ హాలు ముందు అందరం దిగి విడిపోయే వేళ, వచ్చే ఏడాదికి చివర ఎవరుంటారని అడిగాను. కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫైనాన్సు సోదరి మస్టరు పుస్తకం నా చేతిలో నుంచి తీసుకొని, చివరి పుటలో ముప్పై ఒకటవ అంకె వేసి తన పేరు వ్రాసుకున్నారు. గురువుగారు తన క్యారేజీ మీది బిస్కెట్ల డబ్బా విప్పి ఆమెకు అందించారు.

"సొల్యూషన్ ట్యూబు మాత్రం కొత్తది కొనుక్కోవాలమ్మా. మీ టైరుకే సగం అయిపోయింది" అన్నారు.